డెబ్బై మీద ముల్లు

గోడకు ఎక్కకముందే ఆ కొత్త థర్మోస్టాట్ అబద్ధాలాడుతోందనుకుంది మార్లిస్.

గురువారం మధ్యాహ్నం. స్కూలు వంటింట్లో పని ముగించుకుని రెండింటికల్లా ఇల్లు చేరింది. భర్త ఓరిన్ ఇంట్లో లేడు. మంగళవారాలూ గురువారాలూ క్లబ్బులో మంచు మీద రాళ్ళు జరిపే ఆటకు పోతాడు, నాలుగున్నర దాకా రాడు. అందుకే ఆమె ఆ పూటని ఎంచుకుంది. వారం రోజులుగా పిండి డబ్బాల వెనక దాచిన పెట్టెని తీసి, భోజనాల బల్ల మీద పాత పేపరు పరిచి, ఒక్కొక్క వస్తువూ వరుసగా పెట్టుకుంది. తెల్లటి పలక, దాని వెనక పట్టీ, రెండు మరలు, తీగలకు అంటించుకోవడానికి అక్షరాల చీటీలు, చిన్న పుస్తకం. కార్డు నింపి పంపిన వాళ్ళందరికీ గ్యాసు కంపెనీ వాళ్ళు ఊరికే ఇస్తున్నారని తోటి వంటమనిషి బెర్నడీన్ చెబితే తెప్పించుకుంది. ఏ పూట ఎంత వేడి కావాలో ముందే చెప్పి ఉంచితే చాలు. ఇంట్లో మనుషులు లేనప్పుడు తనే తగ్గిస్తుంది, తెల్లవారి లేచేసరికి తనే పెంచి ఉంచుతుంది. గ్యాసు ఆదా. ఓరిన్‌కి ఆదా అన్న మాట కంటే తియ్యటిది లేదు. అతనికి తెలియకుండా బిగించి, సాయంత్రం చూపించి, ఆ ముఖం చూడాలని ఆమె సరదా.

పుస్తకంలో చెప్పినట్టే రెండు బ్యాటరీలు వేసింది. పలక మీద ఫారెన్‌హీట్ డిగ్రీల అంకె వెలిగింది. అరవై ఒకటి.

మార్లిస్ తల తిప్పి గోడ కేసి చూసింది. భోజనాల గదికీ ముందుగదికీ మధ్య, చేతికందే ఎత్తులో, పాత గుండ్రటి థర్మోస్టాట్. పై మీట డెబ్బై రెండు మీద ఉంది, నిన్న రాత్రి తనే తిప్పింది. కింద ఎర్రటి ముల్లు డెబ్బై చూపిస్తోంది. ఎప్పుడు చూసినా అటూ ఇటూగా అక్కడే ఉంటుంది.

కొత్తదాన్ని అరచేతుల్లో పెట్టుకుని ఊదింది. అరవై మూడుకి ఎక్కింది. బల్ల మీద పెట్టి అయిదు నిమిషాలు చూసింది. మళ్ళీ అరవై ఒకటి.

"పుట్టుకతోనే పాడైంది పాపం" అనుకుంది.

ఆమె ఒంటి మీద స్వెటరు, దాని మీద ఇంకో స్వెటరు, ఆ పైన ఓరిన్ రైల్వే ఉద్యోగం నాటి ఉన్నికోటు. కాళ్ళకు రెండు జతల మేజోళ్ళు. అయినా వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. అది ఇంటి తప్పని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఇల్లు వెచ్చగానే ఉంది, ముల్లు చెబుతోందిగా. చలి తన ఒంట్లో ఉంది. ఆ సంగతి తేల్చుకోవడానికే వచ్చే సోమవారం మూడోసారి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఓరిన్ సామాను బండి చప్పుడు వినిపించేసరికి అన్నీ గబగబా పెట్టెలోకి తోసి, పెట్టెని పిండి డబ్బాల వెనక్కి తోసింది.

మర్నాడు పొద్దున ఆరింటికి స్కూలు వంటింట్లో ఈ మాట చెబితే బెర్నడీన్ నవ్వింది. "ఊరికే ఇచ్చిన ఎద్దుకి పళ్ళు లెక్కపెడతావేంటే? వంద మందికి ఇచ్చారు, ఎవరిదీ చెడిపోలేదు. మా ఇంట్లోది గడియారంలా పనిచేస్తోంది."

"అయితే నాకే వచ్చి పడిందిలే."

"పాతదే చెడిపోయిందేమో చూసుకున్నావా?"

 మార్లిస్ చేతిలో మాంసం ఉడుకు చూసే ఉష్ణమాపకం ఉంది. రోజూ వంట మొదలుపెట్టే ముందు గ్లాసులో మంచుముక్కలు నింపి, నీళ్ళు పోసి, ఆ పొడుగాటి పుల్లని ముంచి చూడాలి. సరిగ్గా ముప్ఫై రెండు చూపించాలి, నీళ్ళు గడ్డకట్టే అంకె. చూపించకపోతే ఆ రోజు దాన్ని నమ్మకూడదు. నాలుగొందల మంది పిల్లలు తినే కోడిమాంసం. పంతొమ్మిదేళ్ళుగా ఆమె రోజు మొదలయ్యేది ఆ గ్లాసుతోనే. ఇవాళ కూడా ముప్ఫై రెండు. గోడకున్న చీటీలో అంకె వేసి, పొట్టి సంతకం పెట్టింది. తర్వాత ఏదో తోచి, గిన్నెలు కడిగే వేళ దాన్ని తుడిచి ఏప్రన్ జేబులో వేసుకుంది. సోమవారం తెచ్చి ఇచ్చేస్తే సరి.

ఇంటికి వచ్చేసరికి ఓరిన్ బండికి మంచు టైర్లు వేయించడానికి పోయాడు. మార్లిస్ కోటు కూడా విప్పకుండా గ్లాసులో మంచు నింపింది. పుల్ల ముంచి, పెదాలు బిగించి నిలబడింది. ముప్ఫై రెండు. తుడిచింది. చేతి వేడి తగలకూడదని కుట్టుదారం తెచ్చి కుర్చీ వీపుకి కట్టి వేలాడదీసింది. పక్కనే బల్ల మీద కొత్త థర్మోస్టాట్‌ని నిలబెట్టింది. ఎదురుగా కూర్చుంది. గోడ మీద ముల్లు డెబ్బై.

పావుగంట అయింది. దారానికి వేలాడుతున్నది అరవై ఒకటి. బల్ల మీదది అరవై ఒకటి.

ఒకరి ముఖం ఒకరు ఎరగని ఇద్దరు సాక్షులు ఒకే మాట చెబుతుంటే ఇక మూడోవాణ్ణే అడగాలి. లేచి బేస్‌మెంట్‌లోకి దిగి, పుస్తకంలో చెప్పినట్టు ఇల్లంతా వెచ్చబెట్టే ఫర్నేస్ స్విచ్ ఆపి వచ్చింది. పాత థర్మోస్టాట్ మూత పట్టుకుని లాగితే టక్కున ఊడింది. మూత లోపలి వైపు, ముల్లుని తిప్పే రాగిచుట్ట ఉంది. గడియారం స్ప్రింగులా ఉండాల్సింది, ఒకచోట మెలిక తిరిగి ఉంది. కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూసింది. మెలిక దగ్గర పట్టకారు పళ్ళ గాట్లు, రెండు పక్కలా, వరసగా. ముల్లుని తొమ్మిది అంకెలు పైకి జరపడానికి ఎవరో ఓపిగ్గా చేసిన పని.

"మొదట తీగలు ఎలా ఉన్నాయో ఫోటో తీసుకోండి" అని పుస్తకంలో మొదటి బొమ్మ. మార్లిస్ రెండు మరలూ విప్పి, గుండ్రటి అడుగుపలకని గోడ నుంచి దించింది. అది చేతిలోకి వచ్చేసింది. దేనికీ తగులుకోకుండా, గోడకి తగిలించిన పటాన్ని దించినట్టు. ఫోటో తీయడానికి తీగలే లేవు. గోడలో చిన్న కన్నం, ఆ కన్నంలో లోపలికి తోసేసిన తీగ కొసలు, వాటి మీద నల్ల టేపు. టేపు అంచులు దుమ్ము పట్టి బూజులా అయ్యాయి.

అరచేతిలో ఉన్నదాని మీట తిప్పి చూసింది. అరవై. డెబ్బై. ఎనభై. ఎంత తేలిగ్గా తిరుగుతోందో.

బేస్‌మెంట్ మెట్లు మళ్ళీ దిగింది. ఫర్నేస్ పక్క నుంచి ఒక తీగ పైకప్పు దూలం వెంట మేకులు కొట్టుకుంటూ పోయింది. దాని కిందే తలెత్తి నడిచింది. అది ఓరిన్ పని బల్ల దగ్గర స్తంభం వెంట కిందికి దిగింది. స్తంభానికి మేకు, మేకుకి ఓరిన్ పని వేళ వేసుకునే పాత ఓవరాల్స్. వాటిని పక్కకి జరిపింది.

చక్కటి చదరపు థర్మోస్టాట్. మీట దగ్గర వడ్రంగి పెన్సిలుతో గీత. గీత అరవై రెండు మీద. ఆ గీత ఓరిన్ గీసిందే. చెక్క మీదైనా కాగితం మీదైనా కొస దగ్గర చిన్న కొక్కెంలా తిప్పుతాడు. ఆ కొక్కెం ఉంది.

ఫర్నేస్ మార్చి పదకొండు చలికాలాలు.

ఆమె ఏడవలేదు, అరవలేదు. ఓవరాల్స్ ఎలా ఉన్నాయో అలా తగిలించింది. స్విచ్ వేసింది. పైకి వచ్చి పాత థర్మోస్టాట్‌ని మళ్ళీ గోడకి బిగించింది, మూత పెట్టింది. మరలు బిగిస్తున్నప్పుడు ఒకటి జారి కిందపడితే వంగి వెతుక్కుని తీసుకుంది. ఆ తర్వాత బంగాళాదుంపలు చెక్కు తీయడం మొదలుపెట్టింది.

రాత్రి భోజనాలయ్యాక ఓరిన్ పేపరు పట్టుకుని తన కుర్చీలో కూర్చున్నాడు. మార్లిస్ రోజూ లేచినట్టే లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. మీట మీద చెయ్యి వేసి, తల తిప్పి, అతన్నే చూస్తూ, డెబ్బై నాలుగుకి తిప్పింది. టిక్ టిక్ మన్న చప్పుడు గదంతా వినిపించింది. ఓరిన్ తలెత్తలేదు. కళ్ళజోడు సర్దుకుని పేజీ తిప్పాడు.

అంతే. అతను చేసిందల్లా పేజీ తిప్పడం. ఆ పేజీ తిప్పడాన్నే ఆమె ఇన్నేళ్ళూ మంచితనం అనుకుంది. ఒకప్పుడు ఈ మీట దగ్గర ఇద్దరూ పోట్లాడుకోని రోజు లేదు. ఆమె పెంచేది, అతను తగ్గించేవాడు, తలుపులు దడదడలాడేవి. కొత్త ఫర్నేస్ వచ్చిన ఏడు అతను ఉన్నట్టుండి మెత్తబడ్డాడు. చర్చిలో ఆడవాళ్ళందరూ కూర్చుని దుప్పట్లు కుట్టేటప్పుడు, మొగుళ్ళ మీద చాడీలు చెప్పుకునేటప్పుడు, మార్లిస్ ఎప్పుడూ ఒకటే చెప్పేది. "మా ఓరిన్ మారాడు. ఇప్పుడు నేనెంత పెంచినా ఒక్కమాట అనడు." ఆ మాట చెప్పేటప్పుడు గొంతులో కాస్త గర్వం కూడా ఉండేది.

శనివారం పొద్దున్నే రెయినో షాపుకి వెళ్ళింది. షాపంటే ఇంటి వెనక గ్యారేజీ. ఊళ్ళో సగం ఫర్నేసులు రెయినో చేతి మీదుగా బిగించినవే. అతనూ ఓరిన్ చిన్నప్పటి స్నేహితులు, క్లబ్బులో ఒకే జట్టు. ఆమెని చూసి రెయినో కుర్చీ మీద ఉన్న రేకుముక్కలు తీసి కింద పెట్టాడు.

"రా మార్లిస్, కూర్చో. కాఫీ తాగుతావా? ఏంటి, ఫర్నేస్ మొరాయించిందా?"

ఆమె కూర్చోలేదు. "మా ఇంటి థర్మోస్టాట్ ఎక్కడ పెట్టావు రెయినో?"

రెయినో గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఒక్కో వేలూ, వేలి సందులూ, గోళ్ళూ. అంత మురికేం లేదు.

"నీకు తెలుసనుకున్నా."

"తెలిసుంటే రోజూ తిప్పుతానా?"

"ఓ నెల రోజుల ముచ్చటనుకున్నా మొదట్లో. ఓరినే అన్నాడు, ఈ మీట కోసం కుక్కా పిల్లిలా కొట్టుకుంటున్నాం, ఆవిడకో మీట, నాకో మీట ఉంటే గొడవే ఉండదు అని. నేను నవ్వాను. నవ్వి, తీగ కిందికి లాగాను. తర్వాత ఎప్పుడైనా చెప్పే ఉంటాడనుకున్నాను."

"రాగిచుట్ట వంచింది కూడా నువ్వేనా?"

"లేదు. అది నాకు తెలీదు." రెయినో ముఖం నిజంగానే తెల్లబోయింది. "ఒట్టు, మార్లిస్."

"ఇంకెవరికి తెలుసు?"

రెయినో గుడ్డని నాలుగు మడతలు పెట్టాడు.

"రెయినో."

"మా జట్టుకి తెలుసు. చలి ముదిరినప్పుడల్లా ఎవడో ఒకడు అంటాడు, ఓరిన్, మీ ఆవిడ ఇవాళ ఎంతకి తిప్పింది అని. అదో అలవాటైపోయింది. నీ మీద కోపంతో కాదు..."

మార్లిస్‌కి పోయిన ఫిబ్రవరి విందు గుర్తొచ్చింది. క్లబ్బు హాల్లో పొడుగాటి బల్ల, అందరూ చేపలు తింటున్నారు. ఎవరో అడిగారు, "ఇంట్లో వెచ్చగా ఉంటోందా మార్లిస్?" అని. "ఉండకేం, మా ఓరిన్ అడ్డు చెప్పడుగా" అంది తను. బల్లంతా గొల్లున నవ్వింది. ఏదో హాస్యం తనకి అందలేదనుకుని, మర్యాదకి తను కూడా నవ్వింది. అందరి కంటే ఎక్కువసేపు నవ్వింది.

"సోమవారం మూడింటికి మా ఇంటికి రా" అంది. "తీగ పైకి తేవాలి."

"ఓరిన్‌కి చెప్పావా?"

"లేదు. నువ్వూ చెప్పకు. పదకొండేళ్ళు నా దగ్గర దాచగలిగావు. రెండు రోజులు వాడి దగ్గర దాచలేవా?"

శని, ఆది ఆమె ఎదురుచూసింది. ఎందుకు ఎదురుచూస్తోందో తనకే సరిగ్గా తెలియదు. ఓరిన్ తనంతట తను చెబుతాడేమోనని కావచ్చు. ఏ అవకాశమూ ఇవ్వకుండా ఇన్నేళ్ళ మొగుణ్ణి దొంగని చేయడం ఇష్టం లేక కావచ్చు. ఆదివారం సాయంత్రం కావాలనే అంది, "వేళ్ళు మొద్దుబారిపోతున్నాయి ఓరిన్, ఏం రోగమో ఏమో." ఓరిన్ లేచి వెళ్ళి పడకగదిలోంచి దుప్పటి తెచ్చి ఆమె కాళ్ళ మీద కప్పాడు. అంచులు జాగ్రత్తగా కాళ్ళ కిందికి మడిచాడు. ఆ మడవడంలో ప్రేమ లేదని ఆమె అనలేకపోయింది. అదే ఎక్కువ బాధ పెట్టింది.

సోమవారం మార్లిస్ స్కూల్లో సెలవడిగి పెందలాడే బయటపడింది. తొమ్మిదిన్నరకి డాక్టరమ్మ గదిలో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఓరిన్ ఒళ్ళో టోపీ. డాక్టరమ్మ ముప్ఫై దాటని పిల్ల, ఓపికమంతురాలు. మూడోసారి తీసిన రక్తం కాగితాలు ముందేసుకుంది.

"థైరాయిడ్ బావుంది. రక్తం బావుంది. చక్కెర లేదు. స్కూల్లో ఎలా ఉంటుంది మీకు?"

"అక్కడ పొయ్యిలుంటాయి కదా. వెచ్చగానే ఉంటుంది."

"ఇంట్లోనే ఈ చలి. ఇంట్లో వేడి ఎంత పెట్టుకుంటారు?"

పోయిన రెండుసార్లూ ఈ ప్రశ్నకి మార్లిసే ఠక్కున చెప్పింది. ఈసారి చెప్పలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని పక్కకి తిరిగింది.

"ఓరిన్‌ని అడగండి. నలభై ఏళ్ళు రైల్వేలో సిగ్నళ్ళు చూసుకున్నాడు. ఇంట్లో యంత్రాల సంగతి ఆయనకే బాగా తెలుసు."

డాక్టరమ్మ ఓరిన్ వైపు చూసింది. ఓరిన్ టోపీ అంచు పట్టుకుని సగం చుట్టు తిప్పాడు. మిగతా సగం తిప్పాడు.  మార్లిస్ మనసులో, చెప్పు, చెప్పెయ్, ఇక్కడే చెప్పెయ్ అనుకుంటోంది. ఇక్కడ చెబితే నేను ఇంటికి వెళ్ళి పిండి డబ్బాల వెనక నుంచి పెట్టె తీస్తాను, ఇద్దరం కలిసి బిగిద్దాం.

"డెబ్బై" అన్నాడు ఓరిన్. "డెబ్బై దగ్గరే ఉంటుంది."

డాక్టరమ్మ తల ఊపి రాసుకుంది. తర్వాత కలం కింద పెట్టి, కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుంది. గొంతు మెత్తబడింది.

"ఒక్కోసారి ఒంట్లో ఏమీ లేకపోయినా మనసు బాగోకపోతే ఇలా అనిపిస్తుందండీ. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. చిన్న మాత్ర ఒకటి రాస్తాను, రాత్రిపూట వేసుకోండి. దానికీ తగ్గకపోతే మినియాపొలిస్‌లో నరాల డాక్టరు దగ్గరికి పంపిస్తాను."

మార్లిస్ చీటీ తీసుకుని రెండు మడతలు పెట్టింది. ఓరిన్ లేచి ఆమె కోటు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె చేతులు దూర్చింది.

ఇంటికి ఇరవై నిమిషాల దారి. ఓరిన్ దారంతా మాట్లాడాడు. ఈ ఏడు మునిసిపాలిటీ వాళ్ళు మంచు తీసే బండ్లు తగ్గించారని, కొండ మీది రోడ్డు జనవరిలో మూసేస్తారేమోనని, కొత్త టైర్లు చక్కగా పట్టుకుంటున్నాయని. మందుల షాపు ముందు బండి నెమ్మది చేశాడు.

"మాత్రలు తీసుకుందామా?"

"వద్దు. పోనీ."

మూడింటికి తలుపు తట్టింది రెయినోనే. ఓరిన్ వెళ్ళి తీశాడు.

"ఏంట్రా, ఇవాళ ఆట లేదుగా. ఇలా వచ్చావేంటి?"

"మార్లిస్ పిలిచింది" అన్నాడు రెయినో పనిముట్ల సంచీ కేసి చూస్తూ.

ఓరిన్ వెనక్కి తిరిగాడు. భోజనాల బల్ల మీద పాత పేపరు పరిచి ఉంది. దాని మీద తెల్లటి పలక, పట్టీ, మరలు, చీటీలు. గోడ మీది గుండ్రటి థర్మోస్టాట్ లేదు. అది కూడా బల్ల మీదే ఉంది, మూత వెల్లకిలా పెట్టి, మెలిక తిరిగిన రాగిచుట్ట పైకి కనిపించేలా. ఓరిన్ దాన్ని చూశాడు. భార్యని చూశాడు. వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. పేపరు తీసుకోలేదు.

రెయినో కిందికి దిగాడు. కింద నుంచి మేకులు పీకుతున్న చప్పుడు, స్తంభం మీద ఏదో గీరుతున్న చప్పుడు. గోడ కన్నంలోంచి పాత తీగ కొసలు బయటికి లాగి మార్లిసే టేపు విప్పింది. ఎండిన టేపు పెళ్ళలుగా ఊడింది. తీగల మీది పొర చాకుతో గీరి, రాగి మెరిసేదాకా శుభ్రం చేసింది. ఎర్ర తీగకి ఆర్ చీటీ, తెల్ల తీగకి డబ్ల్యూ చీటీ. రెయినో పైకి వచ్చి, "నేను బిగిస్తాలే" అని చెయ్యి చాపాడు.

"కింద అయిపోయిందా?"

"అయింది. కిందది తీసేసి పై తీగ కలిపాను."

"అయితే నువ్వు లైటు పట్టు."

రెయినో టార్చి పట్టాడు. ఆమె ఒక్కో తీగనీ దాని గుంటలోకి దూర్చి, మర బిగించి, లాగి చూసింది. ఊడలేదు. పలక నొక్కితే కుదురుకుంది. అంకె వెలిగింది. అరవై ఒకటి. మార్లిస్ బొటనవేలితో బాణం గుర్తు నొక్కుతూ పోయింది, డెబ్బై దాకా. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత కింద ఫర్నేస్ ధబ్‌మని అంటుకుంది. రేకు గొట్టాలు ఠక్ ఠక్ మని సాగాయి. నేలలోని జాలీల నుంచి కాలిన దుమ్ము వాసనతో వెచ్చటి గాలి పైకి కొట్టింది. ఆ వాసన ఈ ఇంట్లో ఆమె చాలా ఏళ్ళుగా ఎరగదు.

రెయినో సంచీ సర్దుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "మార్లిస్, నేను..." అన్నాడు.

"నీ చేతి తొడుగులు బల్ల మీద మర్చిపోయావు" అంది ఆమె.

అతను వెళ్ళిపోయాక మార్లిస్ బల్ల మీది పేపరు మడిచింది. ఓరిన్ చెవులు ఎర్రబడ్డాయి. అది వేడికో సిగ్గుకో తెలియదు. చివరికి అతనే అన్నాడు.

"నాతో ఒక్కమాట అనుంటే నేనే తీసేవాణ్ణి కదా. రెయినో ముందు ఇలా..."

"రెయినో ముందే పెట్టించావు. రెయినో ముందే తీయించాను."

ఓరిన్ మోకాళ్ళ మీద చేతులు రుద్దుకున్నాడు. "గొడవలు పోయాయా లేదా? ఆ మాట చెప్పు. ఈ పదకొండేళ్ళలో ఒక్కసారన్నా నీ మీద గొంతు పెంచానా?"

"సిగ్నలు చెడిపోతే ఎర్రదీపం తీసేసి పచ్చదీపం వెలిగించేవాడివా ఓరిన్? బండివాడికి గొడవ ఉండదని?"

 ఓరిన్ నేల కేసి చూస్తూ, గొంతు తగ్గించి చెప్పాడు. "మొదటి రోజే చెబుదామనుకున్నా. నిజం. రెయినో తీగ లాగిన రోజు రాత్రి నువ్వు వచ్చి మీట తిప్పావు. నేను నవ్వు ఆపుకుంటున్నా, ఇప్పుడు చెబుదాం, చెబుదాం అని. నువ్వు వచ్చి నా నెత్తి మీద ముద్దు పెట్టావు. 'ఇప్పుడు హాయిగా ఉంది, నువ్వు మంచివాడివి' అన్నావు. ఆ మాటన్నాక ఎలా చెప్పను? మర్నాడు ఇంకా కష్టమైంది. ఆ తర్వాత..."

"ఆ తర్వాత రాగిచుట్ట వంచావు."

"ముల్లు తక్కువ చూపిస్తోందని నువ్వు అనుమానపడ్డావు."

"ఇవాళ పొద్దున?"

"ఆ చిన్నపిల్ల ముందు ఎలా చెప్పమంటావు మార్లిస్?"

"నేను ఆ చిన్నపిల్ల ముందు బట్టలు విప్పి కూర్చున్నాను. మూడుసార్లు. నా ఒంట్లో ఏం చెడిందో వెతకమని. వెతికి వెతికి, ఏమీ దొరక్క, నా మనసు చెడిందని రాసింది. నువ్వు పక్కనే ఉన్నావు. నా కోటు పట్టుకున్నావు."

అది చెప్పేటప్పుడు కూడా ఆమె గొంతు పెరగలేదు. ఓరిన్ రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. ఆ చేతుల మధ్య నుంచే, "నన్నేం చేయమంటావు?" అన్నాడు.

"రేపు ఎనిమిదింటికి ఆసుపత్రి ఫోను తీస్తారు. నువ్వు చెయ్యి. నీ నోటితో చెప్పు. నా కాగితంలో రాసింది మార్పించు."

"నువ్వు చెబితే సరిపోదా?"

"నా మాట నమ్మరు. నా మనసు బాగోలేదుగా."

ఆ రాత్రి ఆమె కుట్టుమిషన్ గదిలో చిన్న మంచం మీద పడుకుంది. 

మంగళవారం పొద్దున ఆమె బెర్నడీన్‌కి ఫోన్ చేసి, ఎనిమిదిన్నరకి వస్తానని చెప్పింది. పంతొమ్మిదేళ్ళలో ఆలస్యంగా వెళ్ళడం ఇదే మొదలు. ఎనిమిదింటికి వంటింటి గోడ పక్కన ఓరిన్ నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు, గుండీలు మెడ దాకా పెట్టుకున్నాడు, చర్చికి పోయే చొక్కా. మార్లిస్ పొయ్యి దగ్గర జావ కలుపుతోంది. ఫోన్‌లో నర్సు మాటలు సన్నగా ఆమెకి వినిపిస్తున్నాయి.

"మా ఆవిడ గురించండీ. నిన్న వచ్చాం." పేరు చెప్పాడు, పుట్టినరోజు చెప్పాడు. "ఇంట్లో డెబ్బై అని చెప్పాను. డెబ్బై కాదు. అరవై ఒకటి... అవును, ఆరు, ఒకటి... లేదండీ, కొత్తగా కాదు. పదకొండేళ్ళుగా."

అటు నర్సు ఏదో అడిగింది.

"యంత్రం చెడిపోలేదు. నేనే చేశాను... ఆమెకి తెలీదు. పైనున్నదానికి తీగలు లేవు. ఆమె తిప్పేది ఉత్తదే." ఓరిన్ మెడ దగ్గరి గుండీ విప్పుకున్నాడు. "అవును, కావాలనే. నేనే, ఆవిడ మొగుణ్ణి. రాసుకోండి... పేరా? ఓరిన్. ఓ, ఆర్, ఐ..."

మార్లిస్ గరిటె తిప్పుతూనే ఉంది. ఆ అక్షరాలు ఒక్కొక్కటీ వినబడుతుంటే సంతోషం వస్తుందనుకుంది. రాలేదు. ఒక పాత సామాను గదిలోంచి బయటికి మోసుకుపోతున్నప్పుడు దారిచ్చి నిలబడ్డట్టుంది.

నర్సు ఇంకేదో అడిగింది. ఓరిన్ వెంటనే, "ఆఁ, ఇప్పుడు వెచ్చ..." అని మొదలుపెట్టి, అక్కడే ఆగిపోయాడు. ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి ఆమె వైపు తిరిగాడు. అతని నుదుటి మీద చెమట.

"మార్లిస్, ఇప్పుడు నీకు వెచ్చగా ఉందా అని అడుగుతున్నారు."

ఆమె పొయ్యి తగ్గించింది. గుమ్మంలోంచి గోడ మీది పలక కనిపిస్తోంది, డెబ్బై. ఒంటి మీద ఒక్క స్వెటరే ఉంది. చేతివేళ్ళు ముడిచి, విప్పి చూసుకుంది. మెడ మీద చెయ్యి వేసుకుంది. ఇన్నేళ్ళూ తన ఒళ్ళు ఒకటి చెబితే, గోడ మీది ముల్లు ఇంకొకటి చెబితే, ఆమె ముల్లునే నమ్మింది. ఇప్పుడు ఒంటిని అడుగుతుంటే అది జవాబు చెప్పడానికి జంకుతోంది.

ఓరిన్ ఎదురుచూస్తున్నాడు. ఏం చెబుతుందో నిజంగానే తెలియని మనిషిలా చూస్తున్నాడు.

"ఇంకా తెలీదని చెప్పు" అంది మార్లిస్.

అతను ఫోను మీద నుంచి చెయ్యి తీసి, ఆ మాటే చెప్పాడు.